రెండేళ్ళ ఉప్పు

ఉడుమలైపేటలో బస్సు దిగి కొబ్బరితోపుల మధ్య నడిస్తే వచ్చే ఆ ఊళ్ళో రామక్కాళ్ సామాన్లగది చూడని ఆడమనిషి లేదు. చూసి లోపల్లోపల కుళ్ళుకోని ఆడమనిషీ లేదు. నేల నుంచి నడుమెత్తు దాకా జాడీలు, వాటి మీద చెక్కబల్ల, బల్ల మీద డబ్బాలు, డబ్బాల పైన దూలానికి వేలాడే మూటలు. ఏ జాడీలో ఏముందో ఒక్కదాని మీదా రాసి లేదు. చీకట్లో చెయ్యి పెట్టినా ఆమెకు కావలసిందే దొరుకుతుంది. వేరేవాళ్ళు చెయ్యి పెడితే మాత్రం తిట్లు దొరుకుతాయి.

ఆమెకు అరవ నెలలంటే ఎండలే. మాసిలో, అంటే శివరాత్రి ఎండకు, కొత్త చింతపండు గింజ తీసి ఉప్పేసి జాడీకి ఎక్కించాలి. ఉగాది నెల పంగునిలో మిరపకాయలు, వడియాలు, ఎండబెట్టిన ఉస్తికాయలు. ఆ నెలలోనే పెరియకుళం తోటల నుంచి మావడు వస్తుంది. బొటనవేలంత కూడా లేని మామిడి పిందెలు అవి, తొడిమలతోనే ఉప్పులో ఊరేస్తారు. నడివేసవి చిత్తిరైలో కాయ ముదిరాక ముక్కల ఊరగాయ. జూన్ నడిమికి ఆని నెల పుట్టిందంటే ఇక పాలక్కాడు కనుమ గాలి మొదలు. దాని వెనకొచ్చే ఆడికల్లా, అంటే ఆషాఢానికి, అది కొబ్బరిమట్టల్ని విరిచి వీధిలో పారేస్తుంది, మిద్దె మీద పంచె పరిస్తే పంచె కూడా దక్కదు. ఏడాది తిండంతా ఆ గాలికి ముందే గదిలోకి చేరాలి. చేరకపోతే రామక్కాళ్ మనిషి కాదు, అందరి మీదా విరుచుకుపడుతుంది.

అట్లాంటి మనిషి ఈ ఏడు, సంక్రాంతితో పుట్టే తై నెల చివర్లో కోయంబత్తూరు ఆస్పత్రిలో ఒక గదిలో కూర్చుని, డాక్టరు చెప్పింది విని, నోరు పడిపోయినట్టు ఊరకుండిపోయింది. కొడుకు పళనివేల్ బయట బెంచీ మీద ఉన్నాడు. యాభై నిండని వాడు, తోపులో కొబ్బరిబోండాలు లారీకి ఎక్కించి వచ్చేవాడు, కళ్ళు పసుపుపచ్చగా తిరిగి చొక్కాలో వేలాడుతున్నాడు. క్లోమంలో గడ్డ, కాలేయానికి పాకింది, కోసేందుకు వీల్లేదు అన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళని కోడలు మేనక అడిగింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఆడి దాటడం కష్టమమ్మా" అన్నాడు. 

బయటికి రాకముందే మేనక అత్త రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఆయనకు చెప్పొద్దు అత్తా. కడుపులో పుండు, మందుకు మానుతాదని చెప్తాము. తెలిస్తే ఆ పొద్దే పడిపోతారు. అయ్యసామి పెద్దనాయనకు చెప్పినారు, ఏమాయె? గోడ తట్టు తిరిగి పండుకునె, మళ్ళ అన్నం ముట్టలే. నా మీద ఒట్టు పెట్టు."

రామక్కాళ్ కోడలి తల మీద చెయ్యి పెట్టింది. కాగితాలన్నీ మేనక తన సంచీలో దాచి, తిరుప్పూరులో ఉన్న అన్న ఇంటికి పంపేసింది.

బస్సులో పళనివేల్ కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. వెనక సీట్లో కూర్చుని కొడుకు మెడ చూస్తూ ఉన్న రామక్కాళ్ కు ఒక లెక్క పడింది. ఆమె వేయలేదు, దేవుడి మీద ప్రమాణం, అదే పడింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు వడియం పెట్టరాదు. జాడీలో కొత్తగా ఏదీ ఊరవేయరాదు. ముందు పెట్టుకున్నవి తినొచ్చు, అంతే. ఆడిలో అయితే మళ్ళీ ఆడి దాకా మైల. అంటే వచ్చే ఏడాది మాసి, పంగుని, చిత్తిరై మూడూ ఆ మైలలోనే పోతాయి. అంటే ఈ ఎండల్లో పెట్టిందే రెండేళ్ళు రావాలి.

ఛీ, నేనొక తల్లినా అనుకుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా లెక్క పోలేదు.

ఎందుకు పోలేదంటే, ఒకసారి ఆ లెక్క తెలియక చెడిపోయిన మనిషి ఆమె. పళనివేల్ చిన్న క్లాసులో ఉండగా సంక్రాంతికి ముందు నెల మార్గళిలో ఒక తెల్లవారుజామున వాళ్ళ నాయన తిరుమలసామి మోటారు షెడ్డులో కరెంటు తగిలి పోయాడు. గదిలో జాడీలు అప్పటికే అడుగంటాయి. ముందొచ్చే ఎండల్లో ఏదీ పెట్టరాదు. చుట్టాలు తలా ఒక గిన్నెడు తెచ్చి ఇచ్చారు, ఇవ్వడమే ఆచారం. ఒక ఇంటి ఊరగాయ పులుపు, ఒకరిది నూనె కంపు, ఒకరిది బూజు గీకేసి తెచ్చింది. బడిలో పిల్లవాడి డబ్బా తెరిస్తే పక్కవాళ్ళు "సావింటి ఊరగాయ" అని జరిగి కూర్చునేవాళ్ళు. ఒకరోజు వాడు ఇంటికొచ్చి ఆ గిన్నెలన్నీ తీసుకుపోయి గొడ్ల తొట్టిలో కుమ్మరించేశాడు. రామక్కాళ్ వాడిని వీపు చిట్లేట్టు కొట్టింది. కొట్టి, వాడిని పట్టుకునే ఏడ్చింది. నా ఇంటి బిడ్డ ఇంకెప్పుడూ ఇంకొకరి గిన్నె కోసం కంచం చాపరాదు అని ఆ పూట పళ్ళు కొరుక్కుని అనుకుంది.

ఇప్పుడు ఇంట్లో మళ్ళీ ఒక బిడ్డ ఉంది. మనవరాలు లక్ష్మిప్రియ, పన్నెండో క్లాసు.

మాసి పుట్టగానే రామక్కాళ్ చింతపండు తెప్పించింది. వసారా నిండా పోయించింది. మేనక చూసి గుడ్లు తేలేసింది. తిరుప్పూరులో బనీన్ల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన పిల్ల, వాళ్ళింట్లో ఊరగాయంటే అంగడి సీసాయే. ఈ ఆచారాలేవీ ఆమెకు తెలియవు. 

"ఎవురికత్తా ఇంత? మనం నలుగురమే కద."

"లచ్చుమి హాస్టలుకు పోతాదంటివే. అక్కడికి పంపాల."

"హాస్టల్లో పిల్లకాయలు చింతపండు ఏం చేసుకుంటారత్తా?"

"నువు సుమ్మా ఉండు తాయీ. తెలీని దాంట్లోకి రావొద్దు."

మేనక మళ్ళీ అడగకుండా సుమ్మా ఉండిపోయింది. ఆమెకు మొగుడికి గంజి కాయడం, గంటగంటకూ మాత్రలివ్వడం, ఆయన చూడనప్పుడు గొడ్లకొట్టంలోకి పోయి ఏడ్చి రావడం, వీటికే పొద్దు చాలేది కాదు. అత్త కొంచెం మతి తప్పిందేమో, పావం, కొడుకు దిగులు అనుకుంది. అది కూడా నిజమే.

రామక్కాళ్ నడుము విరిగేట్టు పనిచేసింది. గింజలు కొట్టింది, పీచు తీసింది, ఉప్పు కలిపి జాడీల్లో పిడికిలితో అదిమింది. చేతులు ఆడుతున్నంతసేపు ఆమెకు ఏడుపు వచ్చేది కాదు. అందుకే ఆపలేదు. కన్నకొడుకు చావుకు ఏర్పాట్లు చేస్తున్నానని ఆమెకు తెలుసు, ఆ మాటను మాత్రం దగ్గరకు రానివ్వకుండా తోలేస్తుండేది. పంగుని వచ్చింది. బియ్యప్పిండి గంజి కాచి మిద్దె మీద పాత పంచెలన్నీ పరిచి వడియాలు వేసింది. ఒక పంచె ఎండి తీసేలోపల ఇంకో పంచె. అన్ని వడియాలు వేయడానికి ఉన్న మిద్దె చాలక పక్కింటి కోమలవల్లిని అడిగి వాళ్ళ మిద్దె కూడా వాడుకుంది.

అక్కడే వచ్చింది తంటా. కోమలవల్లి నోట్లో నువ్వుగింజ నానదు. 

"ఏం వదినె, కల్యాణ మండపానికి వేసినట్టు వేస్తుండావే! ఇంట్లో పెండ్లి ఏమన్నా ఉండాదా?"

రామక్కాళ్ చెయ్యి ఆపలేదు. తల ఎత్తకుండా, "ఆమాం, ఏదో విశేషం" అని అవుననేసింది. ఆ ముక్క అనకుండా ఉంటే ఎంత బాగుండేది! ఎండకు తల తిరుగుతూ ఉంది, ఎట్లాగోలా ఆమెను వదిలించుకుంటే చాలనుకుంది, అంతే.

కోమలవల్లి దిగిపోతూ వసారాలో మంచం మీద ఉన్న పళనివేల్ ను చూసి, "ఏమప్పా, లచ్చుమికి పెండ్లి కుదిర్తే మాకు చెప్పవా?" అని నవ్వి పోయింది.

కొంచెంసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. రామక్కాళ్ లేచి చూసేలోపల పళనివేల్ పిట్టగోడ పట్టుకుని పైకి వచ్చేశాడు. రొప్పుతున్నాడు. అయినా నవ్వుతున్నాడు.

"ఏమమ్మా, నాకు చెప్పకుండా లచ్చుమికి మాప్పిళ్ళను చూస్తివా? అది ఇంగా పరీచ్చలే రాయలేదే."

"ఆ కోమలకు వేరే పని లేదురా సామీ. ఎండలో ఎందుకు వస్తివి? దిగు, దిగు."

అతను దిగలేదు. ఆ మిద్దె చూశాడు. పక్క మిద్దె చూశాడు. పంచెల మీద తెల్లగా వరసలు వరసలుగా వడియాలు. నవ్వు మెల్లగా పోయింది.

"కింద సామాన్లగది చూసి వస్తిని. చింతపండు జాడీలు రెండు వరసలు ఉండాయి. మిరపకాయలు రెండు మూటలు. ఎప్పుడూ ఒకటే కద నువు కట్టేది." ఊపిరి తీసుకున్నాడు. "నాయన పోయిన ఏడు నాకు బాగా జ్ఞాపకముండాదమ్మా. గిన్నెలు తొట్టిలో పోస్తే నువు కొడితివే."

రామక్కాళ్ చేతిలో గరిటె అట్లాగే ఉంది. గంజి కారి కాలి మీద పడింది. చురుక్కుమన్నా కదల్లేదు.

పళనివేల్ తల్లి ముఖంలోకి చూశాడు. అతని గొంతులో భయం వినపడింది, కానీ అది తన కోసం కాదు. "నీకేమన్నా ఒంట్లో సరి లేదా? కోయంబత్తూరులో నిన్ను గూడా ఆ డాక్టరు లోపలికి పిలిచె. బీపీ చూసినారంటివి. దాస్తుండావా నా దగ్గర? ఇది నీ కోసమా?"

చూడండి, ఎంత మంచి అబద్ధాన్ని తెచ్చి అతనే చేతిలో పెట్టాడో! ఆమె చేయాల్సింది ఒక్కటే, వెంటనే అవునురా అని ఏడవడం. డెబ్బై దాటిన మనిషి, ఎవరైనా నమ్ముతారు. కొడుకు ఆమెను పట్టుకుని నాలుగు కన్నీళ్ళు కార్చేవాడు, కథ అంతటితో పోయేది. ఆమెకు ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ అంతకుముందే ఆమె కళ్ళు అతని పచ్చని కళ్ళ మీద పడ్డాయి, జారిపోతున్న లుంగీ మీద పడ్డాయి, అక్కడే ఆగిపోయాయి.

"ఆఁ... నాకే... నా కోసమేరా" అంది చివరికి.

ఆలస్యమైపోయింది. పళనివేల్ తల ఊపాడు. వడియాల మీద నీడ పడకుండా పక్కకు జరిగి, పిట్టగోడ దగ్గర నీడలో కూర్చున్నాడు.

"ఏ నెల అనినారమ్మా?"

ఇంక దాచడానికి ఏం మిగిలింది? "ఆడి" అంది రామక్కాళ్. కూలబడిపోయింది. నెత్తి కొట్టుకుంది. "నా చేతులు పడిపోనూ! నా కడుపు కాలిపోనూ! ఈ పాడు వడియాలు ఎవురు పెట్టమనిరి నన్ను!"

"అరవొద్దు, అరవొద్దు. మేనక కింద ఉండాది." అతను ఆమె చేతులు పట్టుకుని ఆపాడు. గట్టిగా ఏడవడానికి కూడా అతనికి బలం లేదు, కళ్ళలోంచి నీళ్ళు ఊరకే కారిపోతున్నాయి. "మేనకకు తెలుసు కద?"

"తెలుసు."

"నాకు తెలీదని అనుకుంటా ఉండాది. పుండు, పుండు అని రోజూ చెప్తాది పావం, నవ్వు ముఖం పెట్టుకొని." కొంచెం ఆగాడు. "అట్లే ఉండనీమ్మా. నాకు తెలిసిందని దానికి తెలిస్తే ఆ నవ్వు గూడా పోతాది. దానికి ఉండేది అది ఒకటే. నా తలపై చెయ్యి పెట్టి చెప్పు, చెప్పనని."

ఆమె పెట్టింది. ఒకే చెయ్యి. కోడలి తల మీద పెట్టిన చెయ్యే, ఇప్పుడు కొడుకు తల మీద పెట్టింది. ఏ ఒట్టు కోసం ఎవరికి అబద్ధం చెప్పాలో ఆ ముసలిదానికి ఇక రోజూ పరీక్షే.

అంతలో ఒక కాకి దిగి వడియం ఎత్తుకుపోయింది. పళనివేల్ చప్పట్లు కొట్టాడు. "ఆ కట్టె ఇట్లా ఇవ్వమ్మా" అన్నాడు. చిన్నప్పుడు కాకుల్ని తోలే పని అతనిదే.

మరుసటి రోజు నుంచి అతను మిద్దె మీదకు వచ్చి కూర్చోసాగాడు. తాటాకు పందిరి కింద నవ్వారు మంచం వేయించుకున్నాడు. చేతిలో కట్టె. కాకి వస్తే తట్టేవాడు, లేకపోతే కళ్ళు మూసుకుని ఉండేవాడు. అప్పుడప్పుడూ తల్లీకొడుకులిద్దరూ ఏదో మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు అతను, "వచ్చే ఏడు వద్దు గానీ, ఆ మరుసటేడు పంగునిలో లచ్చుమికి నేర్పించు. దానికి చేతిలో పని ఉండాల" అన్నాడు. రామక్కాళ్ సరేనంది. సరేనని గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మేనక సంతోషం చూడాలి! మొగుడు మంచం దిగాడు, మెట్లెక్కాడు, గాలి తగిలేట్టు కూర్చుంటున్నాడు. కొట్టం వెనక నిలబడి అన్నకు ఫోన్ చేసి చెప్పేది. "అన్నా, ఈ పొద్దు గూడా మిద్దెపైకి పోయినారు! వాళ్ళమ్మతో నవ్వుతా మాట్లాడుతుండారు! ఆ డాక్టరు ఏదో తప్పు చెప్పినాడన్నా, ఇంగో డాక్టరును చూస్తాము." పళని కొండకు మొక్కుకుంది, నయమైతే మెట్లన్నీ మోకాళ్ళతో ఎక్కుతానని. అత్త దగ్గరకు వచ్చి, చిన్నపిల్లలా ఆమె భుజం మీద తల పెట్టి, "నిజంగా పరవాల్లేకుండా ఉండాది కద అత్తా?" అంది.

"ఆమాం తాయీ" అంది రామక్కాళ్.

పంగుని చివర్లో మావడు వచ్చింది. పెరియకుళంలో మామిడితోట ఉన్న గోవిందరాజన్, ఆమె తోడబుట్టినవాడు, ఏటా పంపుతాడు. గోనెసంచి విప్పితే తొడిమల్లోంచి కారిన పాల వాసన ఇల్లంతా కమ్ముకుంది. రామక్కాళ్ కాయలు కడిగి, తుడిచి, ఆముదం రాసి పళ్ళెంలో పోసింది. పళనివేల్ వసారాలో పీట మీద కూర్చుని, "ఈ ఒక్క జాడీ నేను వేస్తానమ్మా" అన్నాడు.

అతను ఒక వరస కాయలు పరిచి, కల్లుప్పు పిడికిలితో తీసి చల్లాడు. మళ్ళీ ఒక వరస కాయలు. మళ్ళీ ఉప్పు. మిరపపొడి, ఆవపొడి, పసుపు ఆమె అందిస్తూ ఉంది. మూడో వరసకే ఆమెకు తెలిసిపోయింది, ఉప్పు ఎక్కువ పడుతోందని. నోరు తెరిచింది.

అతను అటూ ఇటూ చూసి, మేనక వంటింట్లో ఉందని తెలుసుకుని, మెల్లగా అన్నాడు. "రెండేండ్లు నిలవాల కద. చెడిపోతే మళ్ళ ఎవురి గిన్నె కోసమో చూడాల బిడ్డ. పడనీ."

ఆమె ఉప్పు అతనికి దగ్గరగా జరిపింది. అతను ఇంకో పిడికెడు వేశాడు. మేనక బయటికి వచ్చి, మొగుడు మోచేతుల దాకా పసుపుతో జాడీ ముందు కూర్చుని ఉండడం చూసి, నవ్వి, ఫోన్ తీసి ఫోటో పట్టింది. అతను కూడా నవ్వాడు. ఆ ఫోటోలో నవ్వనిది రామక్కాళ్ ఒక్కతే.

ఆడి దాకా లేదు. ఆని నెలలోనే, గాలి ఇంకా పూర్తిగా పట్టుకోకముందే, ఒక మధ్యాహ్నం పళనివేల్ వెళ్ళిపోయాడు. చివరి వారం నొప్పికి సూదులు వేస్తూ ఉంటే మగతగానే ఉన్నాడు. తెలివొచ్చినప్పుడల్లా మేనక వంగి, "పుండు మానుతా వస్తాది, ఇంగ కొంచెం ఓర్చుకోండి" అని చెప్పేది. అతను ప్రతిసారీ సరే అన్నట్టు కళ్ళు మూసి తెరిచేవాడు. అది చూడలేక రామక్కాళ్ కొబ్బరితోపులోకి పోయి నిలబడేది. కన్నకొడుకు కంటే ముందు పోలేకపోయానే అని తన ప్రాణాన్ని తానే తిట్టుకునేది.

కర్మాంతరం అయ్యాక చుట్టాలు ఆచారం ప్రకారం గిన్నెలు తెచ్చారు. కోమలవల్లి కూడా ఒక సీసా తెచ్చింది. తెచ్చి, సామాన్లగదిలోకి తొంగి చూసి, ముక్కు మీద వేలేసుకుంది.

"మాది ఎందుకు వదినె మీకు, రెండేండ్లకు వచ్చేటట్టు పెట్టుకుండావే! సావింట్లో ఏడాది ఏమీ పెట్టరాదని, ముందే తెలిసినట్టు గదే చేసినావు!"

మేనక గుమ్మంలో ఉంది. విన్నది. కోమలవల్లి పోయాక గదిలోకి వచ్చింది. చింతపండు జాడీల రెండు వరసల వైపు చూసింది, రెండు మిరపకాయల మూటల వైపు చూసింది.

"ఇందుకా అత్తా అన్నీ అంత పెడితివి? ఆయన పోతారని?"

"ఆమాం తాయీ. ఆ బస్సులోనే లెక్క వేసినా. నన్ను తిట్టు."

మేనక తిట్టలేదు. అత్త దగ్గరకు వచ్చింది. "ఆయనకు తెలుసునా ఈ ఆచారం? ఆయన అన్నీ చూస్తా కూర్చునె కద అత్తా. మిద్దెపైన. వడియాల ముందరే. ఆయనకు తెలిసిపోయిందా?"

ఆ పిల్ల దగ్గర ఇంక మిగిలింది ఆ ఒక్కటే. మొగుణ్ణి కాపాడుకోలేకపోయింది, కానీ చావు భయం అతనికి తగలకుండా చూశాననే ఒక్క తృప్తితో నిలబడి ఉంది. అది కూడా లాగేస్తే కూలిపోతుంది. రామక్కాళ్ ఈసారి రెప్ప కూడా వేయలేదు.

"మగోళ్ళకు ఇవంతా ఏం తెలుస్తాది తాయీ! వాడు తినేది తెలుసు, అంతే. హాస్టలుకని నేను చెప్తే, ఆమాం అనె. ఏమీ తెలీకుండానే పోయె నా బిడ్డ."

మేనక నేల మీద కూర్చుని బావురుమంది. "చాలు అత్తా. అది చాలు నాకు" అంది ఏడుస్తూనే. రామక్కాళ్ ఆమె తల నిమురుతూ కూర్చుంది, ఏడుపు తగ్గేదాకా.

ఆ మధ్యాహ్నం మేనక చాలా రోజులకు ఆకలన్నది. బయట గాలి ఊళపెడుతోంది, దుమ్ము రాకుండా తలుపులన్నీ వేసుకున్నారు. రామక్కాళ్ పెరుగన్నం కలిపి కోడలికీ మనవరాలికీ కంచాల్లో పెట్టింది. నంజుకోవడానికి ఏదైనా ఇవ్వమని లక్ష్మిప్రియ అడిగింది. "నాయన వేసిన మావడు తీయి అవ్వా" అంది.

కాదనడానికి వీల్లేకపోయింది. రామక్కాళ్ జాడీ మూతి గుడ్డ విప్పింది. కాయలు ముడతలు పడి, ఊటలో నల్లగా ఊరి ఉన్నాయి. రెండు తీసి ఇద్దరికీ వేసింది.

మేనక కొరికింది. ముఖం చిట్లించింది. కాయను చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. "ఉప్పు కషాయమైపోయింది అత్తా. ఇంత ఉప్పు ఎందుకు వేసినారు ఆయన? నువు పక్కనే ఉంటివే, చెప్పలేదా?"

రామక్కాళ్ జాడీ గుడ్డ మళ్ళీ కట్టుకుంటూ ఉంది. ముడి బిగించింది.

"వాడు వేసింది సరిగానే వేసె. వాడు లేచి పోయినాక చాలదేమో అని నేనే ఇంగో పిడికెడు వేస్తిని. వయసు అయిపోయె తాయీ. చెయ్యి జారె."

"నీ చెయ్యి ఎప్పుడూ జారదే" అంది మేనక. అయినా నమ్మింది. చెంబెడు నీళ్ళు తాగి, ఇంకొంచెం అన్నం పెట్టమంది.